తెలుగు యోధుడి ఒంటిమీద ఏముండేది?

కూచిపూడి భాగవతుల ఆటలో బాణాసురుడో హిరణ్యకశిపుడో తెర దాటి వచ్చాడంటే ముందు కంటబడేవి భుజకీర్తులు. తేలిక కొయ్యను చెక్కి, బంగారు రంగు కాగితం అంటించి, అద్దాల ముక్కలు పొదిగిన ఆ నగలూ, తలమీది కిరీటమూ, రొమ్ము నిండా హారాలూ కలిసి పాత్రను మామూలు మనిషికన్నా పెద్దగా చూపిస్తాయి. దివిటీల వెలుగులో, దూరాన నేలమీద కూర్చున్న ప్రేక్షకుడికి రాజెవరో తెలియాలి. ఆ అవసరం కోసం తరతరాలుగా తీర్చిదిద్దిన ఆహార్యం అది. కూచిపూడి నుంచి మద్రాసు స్టూడియోలకు దారి కూడా దగ్గరదే. వేదాంతం రాఘవయ్య ఈ ఊరి నుంచి వెళ్లి సినిమా దర్శకుడయ్యాడు. పసుమర్తి కృష్ణమూర్తి 'మాయాబజార్' నృత్యాలు కూర్చాడు. కొద్ది దూరంలోని నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు కిరీటం పెట్టుకుంటే తెలుగువాళ్లకు అదే రాజు రూపమైపోయింది. పాతకాలపు వీరుడంటే మన మనసులో మెదిలే బొమ్మ ఇలా వీధిభాగవతం మీదుగా, సురభి నాటకాల మీదుగా, వెండితెర మీదుగా వచ్చింది. యుద్ధభూమి నుంచి వచ్చింది కాదు.

యుద్ధభూమికి వెళ్లినవాడొకడు ఈ ప్రాంతంలోనే ఉన్నాడు. కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమను ఏలిన అయ్యవంశంవాడు జాయపసేనాని. ఆయన అక్కచెల్లెళ్లు నారమాంబ, పేరమాంబలను కాకతి గణపతిదేవుడు పెళ్లాడాడు. జాయపను గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా నియమించాడు. అదే జాయప 1253-54లో 'నృత్తరత్నావళి' రాశాడు. పాదం ఎలా పడాలో, చెయ్యి ఎటు తిరగాలో ఆయన చెప్పినదాన్ని చదివి నేటికీ ఆడించవచ్చు. మరి యుద్ధానికి ఏనుగెక్కినప్పుడు ఆయన ఒంటిమీద ఏముంది? ఆయన వెంట నడిచిన కాలిబంటుకు ఏం దక్కింది? నాట్యం గురించి అంత వివరంగా దొరికిన జవాబు కవచం గురించి దొరకదు. శిల్పం, యాత్రికుల రాత, మిగిలిన వస్తువు, చేసి చూడటం అనే నాలుగు దారుల్లో ముక్కలు ముక్కలుగా పోగుచేసుకోవాల్సిందే.

ఆ ముక్కలన్నీ ఒకచోట పెట్టి చూశాక నాకు బలంగా అనిపించింది ఒకటే. మధ్యయుగంలో తెలుగు సైనికుణ్ని కాపాడినవి ప్రధానంగా బట్ట, దూది, తోలు, డాలు. ఇనుము వాటిమీద తర్వాత చేరిన పొర. అదీ పైవరసలో ఉన్న గుర్రపురౌతుకూ దొరకూ అందిన పొర. కాబట్టి ఆ కవచాన్ని తిరిగి కట్టాలనుకునేవాళ్లు కొలిమి దగ్గరికి పోయేముందు మగ్గం దగ్గరికి, దబ్బనం దగ్గరికి పోవాలి.

ఇనుము అసలు ఏమైపోయిందో మొదట చూద్దాం. గొలుసు కవచంలోని ఒక్కో కడియం సన్నటి తీగ. ఉప్పుగాలీ, వానాకాలపు తేమా ఉన్న కోస్తాలో నూనె పెట్టి తుడిచేవాడు లేకపోతే అది ఎన్నో ఏళ్లు నిలవదు. బట్ట సంగతి చెదలు చూసుకుంటాయి. చనిపోయిన వీరుణ్ని మనవాళ్లు ఎక్కువగా దహనం చేశారు. పూడ్చినా తొడుగుతో పూడ్చలేదు. గెలిచినవాడు ఓడినవాడి ఒంటిమీద పనికొచ్చేదల్లా ఒలుచుకుపోయాడు. విరిగిన కత్తి కొడవలిగా, నాగటి కర్రుగా మారింది. ఇవన్నీ దాటి కోటల్లో మిగిలినవి ఈస్టిండియా కంపెనీ చేతికి చిక్కాయి. 1800లో దత్తమండలాలు కంపెనీ కిందికి వచ్చాక అక్కడి కలెక్టరు థామస్ మన్రో పాలెగాళ్ల సాయుధ పరివారాలను రద్దు చేయించాడు.

అన్నిటికన్నా మనసు నొప్పించే సంగతి తంజావూరుది. 1673 దాకా ఏలిన తెలుగు నాయకరాజుల కాలంనుంచీ, వారి తర్వాత మరాఠా రాజుల కాలంలోనూ అక్కడ ఆయుధాగారం పెరుగుతూ వచ్చింది. చివరి రాజు 1855లో పోయాక అది ప్రభుత్వపరమైంది. 1863లో అందులోని ఆయుధాలను విరగ్గొట్టి పాత ఇనుము కింద అమ్మేశారు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఎం.జె. వాల్‌హౌస్ 1878లో 'ఇండియన్ ఆంటిక్వెరీ'లో ఆ ఆయుధాగారం కథ రాసి పెట్టాడు. ఏరి పక్కన పెట్టిన కొన్ని వస్తువులు చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. దక్షిణాది ఆయుధాల మీద రాబర్ట్ ఎల్‌గుడ్ 2004లో వెలువరించిన పుస్తకానికి ఆ మిగిలినవే పెద్ద ఆధారం. అమ్ముడుపోయిన ఇనుము బరువు ఎంతన్నది కాదు నా బాధ. ఏ కాలంది, ఏ పనివాడిది, ఏ కొలతలది అని ఒక్క కాగితం మీదైనా ఎక్కకుండా పోయింది.

యూరపుకు ఈ విషయంలో ఒక విషాదం మేలు చేసింది. 1361 జులైలో స్వీడన్‌కు చెందిన గోట్‌లాండ్ దీవిలో, విస్బీ పట్టణం గోడల బయట, డెన్మార్క్ రాజు సైన్యం అక్కడి రైతుల సేనను ఊచకోత కోసింది. ఎండకు శవాలు పాడవుతున్నాయని తొందరపడి, చాలామందిని తొడుగులతోనే గోతుల్లో పూడ్చేశారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆ గోతులు తవ్వారు. పలకలు కుట్టిన చొక్కాలు, గొలుసు తలతొడుగులు, వాటి పక్కనే గాయాలు పడ్డ ఎముకలు బయటపడ్డాయి. బెంగ్ట్ థోర్డెమాన్ 1939లో ప్రచురించిన గ్రంథం వల్ల ఏ పలక ఎక్కడ ఉండేదో, ఏ దెబ్బ ఎక్కడినుంచి లోపలికి దిగిందో తెలిసింది. అక్కడి ఔత్సాహికులు ఇంట్లో కూర్చుని విస్బీ కవచం చేయగలుగుతున్నారంటే కారణం అది. పల్నాటి యుద్ధం జరిగిన కారెంపూడిలో మనకు అలాంటి గొయ్యి లేదు. వీరులగుడి ఉంది. కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు జరిగే ఉత్సవంలో వీరాచారవంతులు కొణతాలనే ఆయుధాలు మోసుకొస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో ఘట్టం నడుస్తుంది. పల్నాటి వీరుల ఆయుధాలను మన సమాజం పూజలో దాచుకుంది. కవచానికి ఆ గౌరవం దక్కలేదు. గమనిస్తే ఇదీ ఒక సాక్ష్యమే. కత్తి తరతరాలు నిలిచే వస్తువు కాబట్టి గుడికెక్కింది. నాలుగు వానలకు కుళ్లిపోయే దూది అంగీని ఎవరు గుడికెక్కిస్తారు?

ఇక శిల్పం. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి చుట్టూ ఏనుగుల వరస నడుస్తుంది. పై భాగాల్లో నర్తకులు, మద్దెలవాళ్లు, వీరులు కనబడతారు. తెలుగునాట ఊరూరా ఉన్న వీరుల స్మారకశిలల్లో, అంటే వీరగల్లుల్లో, యోధుడు జుట్టు ముడివేసి, నడుముకు బిగించి కట్టి, ఒకచేత డాలూ ఒకచేత కత్తీ పట్టి ఉంటాడు. రొమ్ము మీద హారమో, అడ్డంగా దాటిన ఛన్నవీరమనే పట్టీ నగో తప్ప మరేమీ ఉండదు. దీన్ని చూసి కాకతీయుల సైనికులు ఒట్టి ఒంటితో పోరాడారని కొందరు తేల్చేస్తారు. ఇంకొందరు ఆ హారాన్నీ ఛన్నవీరాన్నీ ఇనుప తొడుగులుగా లెక్కగట్టి బొమ్మలు గీస్తారు. నేను రెంటినీ ఒప్పుకోలేను. మన శిల్పికి దేహం నిండుగా కనబడాలి. దేవుడైనా, నర్తకి అయినా, స్వర్గానికి వెళ్లే వీరుడైనా ఆ చేతికి ఒకటే మర్యాద. అలాగని అతను బట్టను ఎప్పుడూ చెక్కలేదనీ కాదు. రామప్పకు దాదాపు వెయ్యేళ్ల ముందే నాగార్జునకొండ స్తంభం మీద నిలువుటంగీ, లాగూ తొడిగి ఈటె పట్టిన శక సైనికుణ్ని చెక్కారు. పరాయివాడి గుర్తు అతని బట్టలే కాబట్టి బట్టలు చెక్కక తప్పలేదు.

శిల్పం దగ్గర నిలబడితే నేను వెతికేది అంచును. మెడచుట్టూ ఒక గీత, మోచేతికి పైన చెయ్యి ముగిసే చోట ఒక గీత, తొడమీద అంగీ కొస. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొందితే అక్కడ తొడుగు ఉన్నట్టు. మెడ దగ్గర గీత ఒక్కటే ఉంటే అది కంటె కావచ్చు. ఒంటిమీద నిలువుగానో, ఐమూలగానో సమదూరంలో గీతలు సాగితే అది కుట్టుపని అని అనుమానించాలి. చెయ్యి వంగినచోట ఆ గీతలు కూడా వంగితే అనుమానం బలపడుతుంది. మధ్యాహ్నపు ఎండలో ఇవేవీ కనబడవు. పొద్దు వాలి వెలుగు పక్కనుంచి పడ్డప్పుడు అరమిల్లీమీటరు లోతు గీత కూడా నీడ వేస్తుంది. మ్యూజియాలూ పురావస్తుశాఖా తీయించే ఫొటోలు ఎక్కువగా ఎదురు వెలుగులో తీసినవి. వాటిని చూసి కవచం గురించి తీర్పు చెప్పకూడదు.

విజయనగరం నాటికి రాయి కొంచెం ఎక్కువ మాట్లాడుతుంది. హంపీలో 15వ శతాబ్దం తొలినాళ్ల హజారరామ ఆలయం ప్రహరీ మీద ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు, నర్తకులు వరసలు వరసలుగా కదులుతారు. తర్వాత అచ్యుతరాయల కాలంలో, 1530లలో లేపాక్షి పైకప్పు మీద వేసిన చిత్రాల్లో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ పరివారం పొడుగాటి తెల్లని కబాయిలతో, నిలువు కుళ్లాయిలతో కనబడుతుంది. ఫిలిప్ వాగనర్ 1996లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ వేషాన్ని పశ్చిమాసియా నుంచి వచ్చిన కొలువు మర్యాదగా వివరించింది. కవచం వెతికేవాడికి అందులో మరో ఉపయోగం ఉంది. ఒళ్లంతా కప్పే అంగీని కొలువులో ఆమోదించిన సమాజం దానికే దూది కూరి యుద్ధానికి తొడుక్కోవడానికి ఏమాత్రం జంకదు.

కావ్యాలను త్వరగా దాటేస్తాను. తిక్కన యుద్ధపర్వాల నిండా కవచాలు పగులుతూనే ఉంటాయి. అవి దేనితో చేసినవో, ఎంత మందమో చెప్పడం ఆ మహాకవి పని కాదు. కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో రాజనీతి చెబుతూ దూరదేశాలనుంచి ఏనుగులూ గుర్రాలూ తెచ్చే వర్తకులను ఆదరించి మనవైపే ఉంచుకోవాలంటాడు. అది యుద్ధం చేసిన రాజు మాట. దాని వెనక పెద్ద గుర్రపుదళం ఉంది. గుర్రపుదళం ఉన్నచోటే బరువైన కవచమూ ఉంటుంది. ఇంతవరకే కావ్యం మనకు సాయపడుతుంది.

అసలైన సాక్ష్యం బయటివాళ్ల రాతల్లో ఉంది. 13వ శతాబ్దం చివర మోటుపల్లి ప్రస్తావన చేసిన మార్కో పోలో, తమిళదేశపు మాబర్ గురించి రాస్తూ అక్కడివాళ్లు ఈటె, డాలు తప్ప ఒంటిమీద ఏమీ లేకుండా యుద్ధానికి పోతారన్నాడు. వాళ్ల పరాక్రమం మీద అతను పడేసిన మాటను నేను నమ్మను. డాలు గురించిన మాట మాత్రం వీరగల్లుతో సరిపోతుంది. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు వచ్చిన పోర్చుగీసువాళ్లు ఇద్దరూ, పేస్, నూనిజ్, మరింత విలువైనవాళ్లు. 1877లో అమరావతి స్తూపం తవ్విన రాబర్ట్ సెవెల్, 1900లో వేసిన విజయనగర చరిత్రలో వాళ్ల రాతలను ఇంగ్లీషులో అచ్చువేశాడు. అప్పటినుంచీ అవి అందరికీ అందుబాటులో ఉన్నాయి. అయినా వాటిని దర్జీ కళ్లతో, తోలుపనివాడి కళ్లతో చదివినవాళ్లు అరుదు.

డొమింగో పేస్ సుమారు 1520లో మహానవమి తర్వాత జరిగిన సేనాప్రదర్శన చూశాడు. అతను చెప్పిన రౌతు కుట్టుపని ఉన్న అంగీ వేసుకున్నాడు. పైన కనబడేది ముఖమల్, జరీ, పట్టు. లోపల గట్టి పచ్చితోలు పొరలు పొరలుగా ఉంది. దానికి తోడు ఇనుప రేకులు పెట్టారు. కొన్నిటికి లోపలా బయటా బంగారు పూత ఉంది, కొన్ని వెండివి. తలమీది టోపీకి మెడను కప్పే అంచూ, ముఖానికి అడ్డు వచ్చే ముక్కా ఉన్నాయి. కొందరి మెడతొడుగులు అద్దంలా మెరిసే ఉక్కువి. నడుముకు కత్తీ చిన్న గొడ్డలీ, చేతిలో బల్లెం. గుర్రాల నుదుట వెండి రేకులు, బంగారు పూత రేకులు, కొన్నింటికి పాము తలలూ మృగాల తలలూ కూడా. ఈ వర్ణనను రెండుసార్లు చదివితే ఒక సంగతి తేటపడుతుంది. పేస్ అంగీ లోపలి పొర చూశాడు, లేదా చూసినవాణ్ని అడిగాడు. ఊరేగింపులో దూరంనుంచి చూస్తే ముఖమల్ కనబడుతుంది గాని దానికింద పచ్చితోలు ఎన్ని పొరలుందో కనబడదు. కాబట్టి ఈ ఒక్క వాక్యసమూహం మీద నేను చాలా బరువు పెడతాను. అయితే అది పండగ. రాజు ముందుకు రావడానికి దొరలు తమ వాళ్లకు తొడిగించిన బంగారు పూతను యుద్ధానికీ తీసుకెళ్లారని అనుకోవద్దు.

యుద్ధానికి బయలుదేరిన సేనను ఫెర్నావ్ నూనిజ్ వర్ణించాడు. 1535 ప్రాంతంలో రాసిన ఈ గుర్రాల వర్తకుడు 1520 నాటి రాయచూరు దండయాత్ర కథ చెబుతాడు. విలుకాళ్లకూ తుపాకులవాళ్లకూ కుట్టిన దూది అంగీలు. డాలువాళ్ల డాళ్లు ఒంటిని పూర్తిగా కప్పేంత పెద్దవి కాబట్టి వాళ్లకు వేరే తొడుగు అక్కరలేదంటాడు. రౌతుల తలమీద కూడా అంగీల తరహాలోనే దూది కూరి కుట్టిన టోపీలు. ఇక్కడ బంగారం లేదు, వెండి లేదు. పేస్, నూనిజ్ చూసినవి ఒకే రాజ్యం సేనలే. ఒకరు పండగలో, ఒకరు దండులో చెప్పారు. రెంటినీ కలిపి ఒకే సైనికుడి బొమ్మ గీయడం మన పుస్తకాల్లో తరచూ జరిగే పొరపాటు. నూనిజ్ చెప్పిన డాలువాడి మాటను వీరగల్లు పక్కన పెట్టండి. రాతి వీరుడి ఒట్టి రొమ్ము అంత అబద్ధం కాకపోవచ్చు. అతని కవచం అతని ఎడమచేతిలో ఉంది.

వస్తువుల విషయానికొస్తే తెలుగునేల నుంచి పోయిన కవచాల పెద్ద జాడ రాజస్థాన్‌లో తేలుతుంది. 17వ శతాబ్దం చివర ఆదోని కోట మొగలుల వశమైంది. అక్కడ వాళ్ల తరఫున అధికారం చేసిన బికనేరు రాజు అనూప్ సింగ్ కోట ఆయుధాగారంలో దొరికినవాటిని తన రాజధానికి తరలించాడు. సంస్కృత రాతప్రతులను కూడగట్టినవాడూ ఆయనే. బికనేరులో ఆయన పేర గ్రంథాలయం ఉంది. ఆదోని నుంచి వచ్చిన కటార్లమీద, గొలుసు అంగీలమీద, శిరస్త్రాణాలమీద చుక్కలు చుక్కలుగా పొడిచిన నాగరి అక్షరాల్లో ఆదోని పేరూ సంవత్సరమూ వేయించారు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది అని ఒంటిమీదే రాసి ఉన్న భారతీయ కవచాలు ఎంత అరుదో తెలిసినవాళ్లకు ఈ చుక్కల విలువ తెలుస్తుంది. వాటిలో కొన్ని తర్వాత అమ్ముడై లండన్, న్యూయార్క్ మ్యూజియాలకు చేరాయి. కర్నూలు జిల్లా ఊరి పేరు మోస్తూ అద్దాల బీరువాల్లో ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల చరిత్రశాఖలు ఈ ఒక్క జాబితానైనా తెలుగులో తయారుచేసి ఉంటే ఎంత బాగుండేది!

అయితే వీటిని చూసి జాయపకో రుద్రమకో తొడిగించడం తప్పు. ఆదోని సరుకు గోల్కొండ, బీజాపూరు సుల్తానుల కాలపు పనితనం. గొలుసులో ఉక్కు పలకలు అమర్చి, ముందువైపు కొండ్లతో బిగించే ఆ పద్ధతి ఇరాన్ నుంచి దక్కన్ దాకా వ్యాపించిన సంప్రదాయానికి చెందింది. కాకతీయులకూ ఆ కవచానికీ మధ్య మూడు వందల ఏళ్ల దూరం, ఒక పెద్ద రాజకీయ మార్పు ఉన్నాయి. ఇంగ్లాండులో లీడ్స్ నగరంలో ఉన్న ఏనుగు కవచానికీ ఇదే వర్తిస్తుంది. మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ భార్య దాన్ని 1801లో తీసుకెళ్లింది. నిండుగా ఉన్నప్పుడు 8,439 పలకలు, 159 కిలోలు అని అంచనా; ఇప్పుడు 5,840 పలకలు, 118 కిలోలు మిగిలాయి. ఏనుగును ఎలా కప్పవచ్చో నేర్చుకోవడానికి అది గొప్ప పాఠం. కాని అది సుమారు 1600 నాటిది. గజసాహిణి ఏనుగుకు దాన్ని తొడగలేం.

ఇనుము తెలుగువాళ్లకు చేతకాక ఇలా జరగలేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం ఇస్ఫహాన్ వర్తకుడు అక్కడే మకాం వేసిన సంగతి భూగర్భ శాస్త్రజ్ఞుడు వాయ్సీ రాసిన వ్యాసంలో ఉంది. అది 1832లో అచ్చయింది. డమాస్కస్ కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ నుంచి వస్తుందని ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియే అంతకుముందే రాశాడు. మచిలీపట్నం నుంచి డచ్చివాళ్లు ఆ ఉక్కును ఓడల్లో పంపారు. 2010లో ఎస్. జైకిషన్, గిల్ జూలెఫ్, శారదా శ్రీనివాసన్ ఉత్తర తెలంగాణ పల్లెల్లో చేసిన సర్వే పాత కొలిముల చిట్టెం జాడలను ఊరూరా నమోదు చేసింది. ప్రపంచానికి కత్తి ఉక్కు అమ్మిన దేశం తన కాలిబంటుకు దూది అంగీ ఎందుకు తొడిగించింది? ఎండ మొదటి కారణం. మే నెలలో కృష్ణాతీరాన నలభై డిగ్రీలు దాటిన వేడిలో పది కిలోల గొలుసు అంగీ, దానికింద తప్పనిసరిగా వేసుకోవాల్సిన దళసరి బట్ట తొడుక్కుని పరిగెత్తే మనిషి శత్రువు కత్తికన్నా ముందు వడదెబ్బకు పడిపోతాడు. ఖర్చు రెండో కారణం. మూడోది నల్లరేగడి. పత్తి ఇక్కడే పండుతుంది, ఇక్కడే వడుకుతారు, ఇక్కడే నేస్తారు.

దూది ఆయుధాన్ని ఆపుతుందా అన్న ప్రశ్నకు ప్రయోగం జవాబు చెప్పాలి. ఈ విషయంలో మనకు అమెరికా నుంచి మంచి నమూనా ఉంది. విస్కాన్సిన్‌లో గ్రెగరీ ఆల్డ్రెట్ అనే చరిత్ర అధ్యాపకుడు విద్యార్థులతో కలిసి ప్రాచీన గ్రీకుల నారబట్ట కవచాన్ని తిరిగి చేశాడు. ఒక్కటైనా అసలు వస్తువు మిగల్లేదు. కుండలమీది బొమ్మలూ, గ్రంథాల్లోని మాటలూ ఆధారం. మరలో నేసిన బట్ట వాడితే ఫలితం తప్పుతుందని చేత్తో నేసిన నారబట్టే తెచ్చారు. పొరలు అతికించి, బాణాలు వేసి, ఎంత దిగిందో కొలిచారు. 2013లో పుస్తకం వచ్చింది. పొరలను జిగురుతో అతికించారా కుట్టారా అన్న దానిమీద పండితులు ఇప్పటికీ ఆయనతో వాదిస్తూనే ఉన్నారు. ఆ వాదన జరగగలగడమే ఆ పని గొప్పతనం. ఏం చేశారో, దేనితో చేశారో అంతా కాగితం మీద ఉంది కనక.

మన దూది అంగీ ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే పాత చీరలు పరిచి కుట్టిన బొంతే చాలు. ఒక్క పొర చాకు మొనకు చిరిగిపోతుంది. ఇరవై పొరలు దగ్గర దగ్గరగా కుట్టులు పడితే దారం దారాన్ని పట్టుకుంటుంది. దిగబోయే మొన చుట్టూ పోగులు ముడుచుకుని బిగుస్తాయి. కత్తి వేటుకు ఈ బిగువే అడ్డం. సూటిగా దిగే సన్నని బాణం ములికి మాత్రం పోగులను పక్కకు నెట్టి దారి చేసుకుంటుంది. దానికే పేస్ చెప్పిన పచ్చితోలు కావాలి. కుట్టుల మధ్య దూరం ఎక్కువైతే దూది కిందికి జారి భుజం దగ్గర ఒట్టి బట్ట మిగులుతుంది. అందుకే దూది ఏకడం ముఖ్యం. విల్లు నారి తగిలించి దూదేకులవాళ్లు ఏకిన దూది సమంగా విడుతుంది. మరలో ఒత్తి వచ్చిన దూది గడ్డలు గడ్డలుగా కూరుకుంటుంది. ఇరవై పొరల్లోంచి మామూలు సూది పోదు. గోనెలు కుట్టే దబ్బనానికి మైనం రాసిన దారం ఎక్కించి, మొదట రంధ్రం చేసి, తర్వాత లాగాలి. ఒక అంగీ భుజం కుట్టేసరికి బొటనవేలు వాస్తుంది. ఈ పని తెలిసిన చేతులు డెల్టాలో ఇంకా ఉన్నాయి. పెడనలో మగ్గాలున్నాయి, పరుపులు కుట్టేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

గొలుసు అంగీ చేయాలనుకునేవాళ్లకూ ఒక హెచ్చరిక. బజారులో దొరికే 'కవచాలు' ఎక్కువగా తీగను వంచి కొసలు కలిపినవే. అసలు పద్ధతిలో మెత్తని ఇనుప తీగను కమ్మీకి చుట్టి, ఒక్కో చుట్టునూ కోసి, కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి సుత్తితో చదును చేస్తారు. ఆ చదునులో చిల్లు పొడిచి, నాలుగు పక్క కడియాల్లో దూర్చి, చిన్న మేకు వేసి బిగదీస్తారు. అలాంటి కడియాలు వేలకొద్దీ కావాలి. మేకు లేని కడియం ఒక్క ఈటెపోటుకు విచ్చుకుంటుంది. దాన్ని తొడుక్కుని పరీక్షలు చేసి 'గొలుసు కవచం పనికిరాదు' అని చెప్పేవాళ్ల మాట పట్టించుకోనక్కరలేదు. పైగా గట్టి మూసఉక్కు ఈ పనికి సరిపడదు. అది కత్తికి. తీగకు మెత్తని ఇనుమే కావాలి.

పునర్నిర్మాణంలో మనవాళ్లు ఎప్పుడూ వెనకబడలేదని పేరిణి చెబుతుంది. నటరాజ రామకృష్ణ 'నృత్తరత్నావళి'నీ రామప్ప శిల్పాలనూ ఆధారం చేసుకుని ఆ వీరనృత్యాన్ని మళ్లీ అరంగేట్రం చేయించాడు. గ్రంథం చెప్పనిచోట శిల్పం, శిల్పం చెప్పనిచోట నాట్యాచార్యుడి అనుభవం పూరించాయి. నేడు తెలంగాణలో వందలమంది పిల్లలు పేరిణి నేర్చుకుంటున్నారు. కవచానికీ ఆ సాహసం కావాలి. ఒక్క తేడా ఉంది. నాట్యంలో ఆచార్యుడు పూరించినది కళ అవుతుంది. కవచంలో పూరించినది చరిత్రగా చెలామణీ అవుతుంది. కాబట్టి ప్రతి ముక్కకూ ఆధారం పక్కన రాసిపెట్టాలి: ఇది నూనిజ్ మాట, ఇది హంపీ శిల్పం, ఇది మా ఊహ.

ఈ ఊహ అన్న చీటీ అతికించకపోవడమే మన మ్యూజియం బొమ్మల్లోనూ, కూడళ్లలో నిలిపిన విగ్రహాల్లోనూ, పాఠ్యపుస్తకాల బొమ్మల్లోనూ కనబడే లోపం. 1947 నాటి 'పల్నాటి యుద్ధం' నుంచి 2015 నాటి 'రుద్రమదేవి' దాకా సినిమా తన కథకు కావలసిన కవచం వేసుకుంది. దానికి ఆ హక్కు ఉంది, భాగవతుల భుజకీర్తులకు ఉన్నట్టే. కాని ప్రజాధనంతో పోతపోసిన విగ్రహం రొమ్ముమీద రోమను సైనికుడి కండల పలక కనబడితే బడిపిల్లలు దాన్నే కాకతీయుల చరిత్ర అనుకుంటారు. అది పిల్లలకు చేసే అన్యాయం. జాయప కాలం సైనికుడికీ అన్యాయమే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే నేను టోపీ దగ్గర మొదలుపెట్టమంటాను. 1520, రాయచూరు దండు, నూనిజ్ చెప్పిన దూది టోపీ. కాలం తెలుసు, చోటు తెలుసు, పదార్థం తెలుసు. మైసూరులో టిప్పు కాలందాకా అదే తరహా కుట్టుటోపీలు నిలిచాయి. వాటిలో కొన్ని ఇంగ్లాండులో భద్రంగా ఉన్నాయి కాబట్టి కుట్టు దిశ, అంచు మడత పోల్చి చూసుకోవడానికి వీలుంది. చేనేత గుడ్డ రెండు మూడు గజాలు, వీసెడు ఏకిన దూది, దబ్బనం, మైనపు దారం; ఏ కళాశాల చరిత్రశాఖైనా పెట్టుకోగల ఖర్చు. కుట్టాక దాన్ని ఏసీ గదిలో పెట్టకుండా ఒక విద్యార్థి తలకు పెట్టి మే నెల ఎండలో పొలంగట్టు మీద నడిపించాలి. తలలో వేడి ఎంత పెరిగిందో, చెమటకు బరువు ఎంత పెరిగిందో రాసుకోవాలి. తర్వాత అదే టోపీని బంకమట్టి తలకు తొడిగి కత్తితో కొట్టి, మట్టిలో పడ్డ గంటు లోతు కొలవాలి. పొడి టోపీకి ఒక కొలత, తడిసిన టోపీకి ఒక కొలత.